ఒకే పోలిక గల పాత ట్రాక్టర్లను గుర్తించుట
(ఫెర్గూసన్ 20, 35, 35-ఎక్స్, 135 రకములు)

పశువుల సంతకు పోయిన రైతు ఎద్దు నోరు తెరచి పళ్లు చూచును. మూపురము, గిట్టలు చూచును. నాలుగడుగులు నడిపించి చూచును. రంగు చూచి మాత్రము బేరము కుదుర్చుకొనడు. పాత ట్రాక్టరును కొనునప్పుడు గాని, పాకలో ఉన్న పాత ట్రాక్టరుకు విడిభాగములు తెచ్చునప్పుడు గాని ఇదే జాగ్రత్త అవసరము. రంగు ఒక పూటలో మారును. బానెట్ మీది బొమ్మ రెండు స్క్రూలతో మారును. కాని ఇనుములో పోతపోసినవి, కొలతకు తరిగినవి అంత సులభముగా మారవు. ఆ గుర్తులను తెలిసికొనుటయే ఈ పాఠము ఉద్దేశము.

ఇందుకు ఉదాహరణగా ఒక ట్రాక్టరు కుటుంబమును తీసికొందము. అది ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణమున తయారైన ఫెర్గూసన్ కుటుంబము. మన రైతులు "మాసీ" అని పిలుచు ట్రాక్టర్లకు మూలపురుషుడు అదే. అందుచేత ఈ కుటుంబమును చక్కగా తెలిసికొన్నచో మన ఊళ్లలోని ట్రాక్టర్లు కూడ సులభముగా అర్థమగును.

1. కుటుంబ చరిత్ర

హ్యారీ ఫెర్గూసన్ అను ఇంజనీరు ఐర్లండుకు చెందినవాడు. నాగలిని ట్రాక్టరు వెనుక గొలుసుతో లాగించుటకు బదులు, మూడు కడ్డీలతో ట్రాక్టరుకే బిగించి, హైడ్రాలిక్ శక్తితో ఎత్తుటకును దింపుటకును వీలు కల్పించినాడు. నాగలి గట్టి నేలలో ఎక్కువ బరువుగా లాగినప్పుడు పై కడ్డీ ముందుకు నొక్కబడి ఒక స్ప్రింగును అదుముచుండును. ఆ కదలికతో హైడ్రాలిక్ వాల్వు తెరచుకొని నాగలి కొంచెము పైకి లేచును. దీనివలన తేలికైన ట్రాక్టరు కూడ బరువైన దుక్కి చేయగలిగినది. నేడు మన పొలములలో తిరుగుచున్న ట్రాక్టర్ల వెనుక ఉన్న మూడు లింకులు ఈ పద్ధతి నుండి వచ్చినవే.

ఈ పద్ధతితో టి.ఇ.20 అను ట్రాక్టరు 1946లో వెలువడినది. దీనిని స్టాండర్డ్ మోటార్ కంపెనీ కోవెంట్రీలో తయారు చేసినది. 1956 వరకు 5 లక్షలకు పైగా తయారైనవి. ఒళ్లంతా బూడిద రంగు. ఎవరెస్టు నెక్కిన హిల్లరీ 1958 జనవరి 4వ తేదీన దక్షిణ ధ్రువమును చేరినది ఈ జాతి ట్రాక్టర్ల మీదనే.

1953లో ఫెర్గూసన్ కంపెనీ, మాసీ-హారిస్ కంపెనీ కలిసిపోయినవి. 1956లో ఎఫ్.ఇ.35 వచ్చినది. దీని రేకులు బూడిద రంగు, ఇంజను, గేరుపెట్టె భాగములు బంగారు వన్నె. 1957 చివర అదే ట్రాక్టరు ఎర్ర రంగు వేసికొని మాసీ ఫెర్గూసన్ 35 అయినది. 1962లో ఎక్కువ శక్తి గల 35-ఎక్స్ వచ్చినది. 1964 డిసెంబరులో దాని స్థానమున 135 వచ్చినది.

20, 35, 35-ఎక్స్, 135 - ఈ నాలుగింటిని పక్కపక్కన నిలిపిన అన్నదమ్ములవలె కనిపించును. ఒకదాని పిస్టను మరొకదానికి పట్టకపోవచ్చును. ఒకదాని లివరు అలవాటు మరొకదానికి పనికిరాకపోవచ్చును. చిక్కు అక్కడనే వచ్చును.

2. మొదట నెంబరు పలకను చదువవలెను

ట్రాక్టరు స్టీరింగు వద్ద డాష్ బోర్డు మీద ఒక చిన్న లోహపు పలక ఉండును. మట్టి, నూనె పేరుకొని ఉన్నచో కిరసనాయిలులో తడిపిన గుడ్డతో తుడువండి. ఇనుప బ్రష్షుతో గీకరాదు, అక్షరములు చెరిగిపోవును.

20 రకములో "టి.ఇ." తరువాత వచ్చు అక్షరము ఇంజనును, ట్రాక్టరు వెడల్పును తెలుపును. ముఖ్యమైనవి ఇవి:

అక్షరము లేనిచో - అమెరికా కాంటినెంటల్ పెట్రోలు ఇంజను.
ఎ - స్టాండర్డ్ కంపెనీ పెట్రోలు ఇంజను.
బి - కాంటినెంటల్ ఇంజను గల ఇరుకు ట్రాక్టరు.
సి - స్టాండర్డ్ పెట్రోలు ఇంజను గల ఇరుకు ట్రాక్టరు.
డి - ట్రాక్టరు వేపరైజింగ్ ఆయిలు, అనగా కిరసనాయిలు జాతి ఇంధనముతో నడచునది.
ఇ - అదే ఇంధనముతో నడచు ఇరుకు ట్రాక్టరు.
ఎఫ్ - డీజిలు. ఇది 1951లో వచ్చినది.
హెచ్ - దీపపు నూనెతో నడచునది.
కె, ఎల్, ఎమ్ - ద్రాక్షతోటలకు చేసిన మిక్కిలి ఇరుకైన రకములు.
పి, ఆర్, ఎస్, టి - కర్మాగారములలోను, రోడ్లమీదను వాడుటకు చేసినవి.

35 రకములో నెంబరుకు ముందు మూడు అక్షరములు ఉండును. వీనిలో మొదటిది ఎస్ అయినచో సాధారణ వ్యవసాయ ట్రాక్టరు. రెండవ అక్షరము ఇంధనమును తెలుపును: జి అనగా పెట్రోలు, కె అనగా కిరసనాయిలు జాతి, డి అనగా నాలుగు సిలిండర్ల డీజిలు, ఎన్ అనగా మూడు సిలిండర్ల డీజిలు. మూడవ అక్షరము క్లచ్చిని తెలుపును: ఎమ్ అనగా ఒంటి క్లచ్చి, ఎఫ్ అనగా రెండంచెల క్లచ్చి.

ఒక హెచ్చరిక. 20లో "డి" అనగా డీజిలు కాదు, "ఎఫ్" డీజిలు. 35లో "డి" డీజిలు. "ఎఫ్" క్లచ్చికి సంబంధించినది. ఒకే అక్షరము రెండు చోట్ల రెండర్థములు ఇచ్చును. కాబట్టి మొదట అది 20యా, 35యా అని తేల్చుకొని, పిమ్మట అక్షరమును చదువవలెను.

3. పలక చెప్పినది ఇంజనుతో సరిపోయినదా?

పలక పుట్టుకను చెప్పును గాని తరువాతి బ్రతుకును చెప్పదు. ఇన్నేండ్లలో ఇంజను మారియుండవచ్చును. అందుచేత బానెట్ ఎత్తి చూడవలెను.

స్పార్కు ప్లగ్గులు, వానికి లావుపాటి వైర్లు ఉన్నచో అది పెట్రోలు లేక కిరసనాయిలు ఇంజను. పంపు నుండి సన్నని ఉక్కు గొట్టములు ఇంజెక్టర్లకు పోవుచున్నచో డీజిలు. ఆ గొట్టములను లెక్కించండి. మూడున్నచో మూడు సిలిండర్లు, నాలుగున్నచో నాలుగు. ఈ లెక్క చదువు రానివారికి కూడ వీలగును.

35 డీజిలులో మొదట స్టాండర్డ్ కంపెనీ 23-సి అను నాలుగు సిలిండర్ల ఇంజనును అమర్చినారు. చలి ఉదయములలో అది స్టార్టు కాక రైతులను విసిగించెడిది. 1959లో మాసీ ఫెర్గూసన్ కంపెనీ పెర్కిన్స్ ఇంజను కంపెనీని కొన్నది. ఆ సంవత్సరము చివరనే 35కు పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజను వచ్చినది. ఇది మంచి పేరు తెచ్చుకొన్నది. అందుచేత పాత నాలుగు సిలిండర్ల ట్రాక్టర్లలో తరువాత పెర్కిన్స్ ఇంజను దింపినవి కూడ ఉన్నవి. పలకపై "డి" ఉండి, గొట్టములు మూడే ఉన్నచో ఇంజను మారినదని గ్రహించవలెను. ఇంజను మారుట తప్పు కాదు. కాని మారిన సంగతి తెలియక పాత ఇంజను పేరు చెప్పి గాస్కెట్టు కొన్నచో డబ్బు వృథా.

పెర్కిన్స్ ఇంజను పేరులో 152 అను సంఖ్య ఉండును. ఇది ఇంజను లోపలి ఘన పరిమాణము, ఘనపుటంగుళములలో. సిలిండరు వ్యాసము 3.6 అంగుళములు, పిస్టను కదలిక 5 అంగుళములు, సిలిండర్లు మూడు. మీరే లెక్క కట్టి చూడండి; 152 చిల్లర వచ్చును. అనగా సుమారు 2,500 సి.సి. పేరులోని సంఖ్యకు అర్థము తెలిసిన రైతును దుకాణదారుడు సులభముగా మోసగింపలేడు.

పిస్టన్లు, లైనర్లు కొనునప్పుడు మరింత జాగ్రత్త వహించవలెను. 20 రకపు స్టాండర్డ్ పెట్రోలు ఇంజనుకు మొదట సిలిండరు వ్యాసము 80 మిల్లీమీటర్లు. 1951లో దానిని 85 మిల్లీమీటర్లకు పెంచినారు. 35 పెట్రోలు ఇంజనుకు అది 87 మిల్లీమీటర్లు. మూడు ఇంజన్లును బయటికి ఒకే మాదిరిగా ఉండును. పలకమీది "ఎ" అను అక్షరము 80కిని, 85కును కూడ ఒకటే. కాబట్టి పేరు చెప్పి కొనరాదు. పాత పిస్టనును వెర్నియరుతో కొలిపించి, దానిని వెంట తీసికొని పోవలెను.

ఇంకొక భేదము. స్టాండర్డ్ ఇంజన్లలోని లైనర్లు తడి లైనర్లు, అనగా చుట్టును నీరు నేరుగా తగులును. క్రిందనున్న సీలు చెడినచో నీరు ఇంజను ఆయిలులోనికి దిగును. పెర్కిన్స్ 152లోనివి పొడి లైనర్లు. నీటికిని లైనరుకును నడుమ బ్లాకు గోడ ఉండును. ఒక ఇంజను మరమ్మతు నేర్చిన మెకానిక్కు రెండవదానిని అదే పద్ధతిలో విప్పుటకు పూనుకొన్నచో చిక్కులు వచ్చును. మెకానిక్కుకు ముందుగానే ఈ సంగతి చెప్పండి.

4. సీటులో కూర్చుండి చూడవలసినవి

గేర్లు: 20కి ముందుకు నాలుగు, వెనుకకు ఒకటి. 35కు ముందుకు ఆరు, వెనుకకు రెండు. వేగము హెచ్చు-తగ్గులకు రెండవ లివరు ఉండును. 20లో వేరే స్టార్టరు మీట ఉండదు. గేరు లివరునే స్టార్టు స్థానమునకు త్రోసిన ఇంజను స్టార్టగును. ఈ ఏర్పాటు భద్రత కొరకు చేసినది. గేరులో ఉండగా ఇంజను స్టార్టయి ట్రాక్టరు ముందుకు దూకదు. ఎవరైన దీనిని తీసివేసి బయట స్విచ్చి బిగించియున్నచో ఆ రక్షణ పోయినదని తెలిసికొనవలెను.

హైడ్రాలిక్ లివర్లు: 20లో సీటు కుడిప్రక్క ఒక లివరే ఉండును. అది లాగుడు బరువును బట్టి పనిముట్టును నడిపించును. 35లో రెండు లివర్లు ఉండును. ఒకటి లాగుడు బరువుకు, రెండవది పనిముట్టును ఒకే ఎత్తులో నిలుపుటకు. దుక్కికి మొదటిది చాలును. విత్తనపు గొర్రు, మందు చల్లు పరికరము మొదలగువానికి రెండవది చాల ఉపకరించును. దూరము నుండి 20ని, 35ను వేరుపరచుటకు ఈ లివర్ల లెక్కయే సులభమైన గుర్తు.

లిఫ్టు: 20లో హైడ్రాలిక్ పంపు పి.టి.ఒ. షాఫ్టు మీదనే తిరుగును. పి.టి.ఒ. లివరు వేయనిదే లిఫ్టు లేవదు. ఈ సంగతి తెలియని కొనుగోలుదారు లిఫ్టు చెడినదని మంచి ట్రాక్టరును వదలుకొనవచ్చును. తెలిసిన అమ్మకందారు నిజముగా చెడిన లిఫ్టుకు ఇదే సాకు చెప్పవచ్చును. కాబట్టి లివరు వేయించి, నాగలి కట్టించి, ఎత్తించి చూడండి. ఎత్తిన నాగలి అట్లే నిలిచినదా, కొద్ది నిమిషములలో దిగజారినదా గమనించండి.

పి.టి.ఒ. షాఫ్టు: 20లో దీని వ్యాసము 1⅛ అంగుళము. 35లో 1⅜ అంగుళము. నేటి పనిముట్లు ఎక్కువగా 1⅜ అంగుళము షాఫ్టుకు చేసినవి. 20కి వానిని కలుపుటకు మధ్యలో అడాప్టరు కావలెను.

క్లచ్చి: ఒంటి క్లచ్చి ట్రాక్టరులో పెడలు తొక్కిన వెంటనే చక్రములును ఆగును, పి.టి.ఒ. కూడ ఆగును. రెండంచెల క్లచ్చిలో సగము తొక్కినచో చక్రములు మాత్రమే ఆగును, పి.టి.ఒ. తిరుగుచునే ఉండును. పూర్తిగా తొక్కినచో రెండును ఆగును. పి.టి.ఒ.తో నడచు యంత్రమును లాగుచు పనిచేయువారికి రెండంచెల క్లచ్చి విలువైనది. అమ్మకందారు "డబుల్ క్లచ్చి" అన్నచో పలకమీద ఎఫ్ ఉన్నదేమో చూచి, పిమ్మట సగము తొక్కి పరీక్షించండి.

5. బయటి రూపు

టేపు దగ్గర ఉన్నచో ముందు ఇరుసు నడుమ నుండి వెనుక ఇరుసు నడుమ వరకు కొలవండి. 20కి అది 70 అంగుళములు, 35కు 72 అంగుళములు. రెండంగుళముల తేడా కంటికి అందదు, టేపుకు అందును.

20, 35ల బానెట్లు గుండ్రని అంచులు గలవి. 135 బానెట్ పలకలుగా, కోణములుగా ఉండును. కాని పాత 35కు 135 బానెట్ బిగించుట అసాధ్యము కాదు. కాబట్టి బానెట్‌ను సాక్ష్యముగా గాక, అనుమానముగా మాత్రమే తీసికొనవలెను.

35కును, 35-ఎక్స్‌కును పైకి కనిపించు భేదము బానెట్ ప్రక్కనున్న గుర్తు మాత్రమే అనవచ్చును. 35-ఎక్స్ ఇంజను శక్తి 37 హార్సు పవరు నుండి సుమారు 44కు పెరిగినది. గుర్తు చూచి ఎక్కువ ధర ఇయ్యరాదు. పలకలోని నెంబరును, ఇంజను నెంబరును చూచి నిర్ణయించవలెను.

6. పోలిక గల పరాయి ట్రాక్టర్లు

1938లో ఫెర్గూసన్, అమెరికా మోటారు వ్యాపారి హెన్రీ ఫోర్డు చేతిలో చేయి వేసి మాట ఇచ్చుకొన్నారు. కాగితము వ్రాసికొనలేదు. ఆ మాట మీద 1939లో ఫోర్డు 9-ఎన్ అను ట్రాక్టరు ఫెర్గూసన్ పద్ధతితో వెలువడినది. ఫోర్డు మనుమని కాలములో ఆ పొత్తు చెడినది. 1947లో ఫోర్డు కంపెనీ అదే పద్ధతితో 8-ఎన్ అను ట్రాక్టరును స్వంతముగా అమ్మసాగినది. ఫెర్గూసన్ దావా వేసినాడు. 1952లో రాజీ కుదిరి 92 లక్షల 50 వేల డాలర్లు అతనికి ముట్టినవి. కాగితము లేని బేరము ఎంత పెద్దవారికైనను తిప్పలు తెచ్చునని దీనివలన తెలియుచున్నది.

9-ఎన్ కూడ బూడిద రంగుదే; టి.ఇ.20ని బాగుగా పోలియుండును. భేదము ఇంజనులో ఉన్నది. 20 ఇంజనుకు వాల్వులు పైన ఉండును. అందుచేత ఇంజను నెత్తిన రాకరు కవరు ఉండును. ఫోర్డు ఇంజనుకు వాల్వులు ప్రక్కన ఉండును. నెత్తిన చదునైన హెడ్డు మాత్రమే. గేర్లు 9-ఎన్‌కు మూడు, 20కి నాలుగు. 8-ఎన్‌కు నాలుగు గేర్లు ఉన్నను దాని క్రింది భాగమంతయు ఎర్ర రంగు, పై రేకులు బూడిద రంగు.

7. మన ప్రాంతముతో సంబంధము

1960లో మద్రాసు నగరమున టాఫే కంపెనీ మాసీ ఫెర్గూసన్ సహకారముతో ఏర్పడినది. తెలుగు జిల్లాల రైతులకు పరిచయమైన 1035 ట్రాక్టరు ఈ 35 వంశములోనిదే. మద్రాసులోని సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ సహకారముతో ఇంజన్లు తయారు చేసినది. కాబట్టి మన 1035ను చూచినవారికి కోవెంట్రీ 35 చుట్టమువలె కనిపించును. కాని చుట్టరికము వేరు, కొలత వేరు. ఇంగ్లండు 35కు పట్టు ప్రతి భాగము 1035కు పట్టునని గాని, 1035 భాగములు పాత 35కు పట్టునని గాని తలచరాదు. పాత భాగమును, కొత్త భాగమును ప్రక్కప్రక్కన ఉంచి, రంధ్రములు, పళ్లు, వ్యాసము సరిచూచిన పిమ్మటనే డబ్బు ఇయ్యవలెను.

8. కాగితములు

రిజిస్ట్రేషను పత్రములోని ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు రెండును ట్రాక్టరు మీది నెంబర్లతో సరిపోవలెను. ఇంజను మారియున్నచో ఆ మార్పు రవాణా శాఖ కార్యాలయములో నమోదు అయియుండవలెను. నెంబరును అరగదీసి మరల కొట్టిన జాడలున్నచో, ట్రాక్టరు ఎంత మంచిదైనను, ఎంత చౌకయైనను ఆ బేరము వదలుకొనుటయే మేలు. అది దొంగ సొత్తు కావచ్చును.

9. ప్రాణమునకు సంబంధించిన రెండు సంగతులు

ఈ కుటుంబములో కొన్ని ట్రాక్టర్లకు మల్టీ పవర్ అను ఏర్పాటు ఉండును. నడచుచుండగానే వేగము మార్చవచ్చును. ముందుకు ఆరు గేర్లు పండ్రెండగును. కాని తక్కువ వేగపు స్థానములో ఇంజను ట్రాక్టరును పట్టి ఆపదు. పల్లములో, చెరువు కట్ట దిగునప్పుడు, బరువైన ట్రక్కుతో ఆ స్థానములో ఉన్నచో ట్రాక్టరు స్వేచ్ఛగా దొర్లుకొనిపోవును. పల్లము దిగకముందే ఎక్కువ వేగపు స్థానమునకు మార్చి, చిన్న గేరులో దిగవలెను. కొన్న ట్రాక్టరుకు ఈ ఏర్పాటు ఉన్నదో లేదో తెలియకుండ లోడుతో రోడ్డెక్కరాదు.

రెండవది, ట్రక్కును గాని, మొద్దును గాని పై లింకు బిగించు చోట కట్టి లాగరాదు. లాగుడు ఎత్తు నుండి పడినచో ముందు చక్రములు లేచి ట్రాక్టరు వెనుకకు తిరగబడును. క్రిందనున్న లాగుడు కడ్డీకే కట్టవలెను. తేలికైన పాత ట్రాక్టర్లకు ఈ ప్రమాదము మరింత ఎక్కువ.

గుర్తుంచుకొనవలసిన క్రమము

మొదట పలక. తరువాత ఇంజెక్టరు గొట్టముల లెక్క లేక స్పార్కు ప్లగ్గులు. ఆ తరువాత గేర్లు, హైడ్రాలిక్ లివర్లు. పిమ్మట క్లచ్చి, పి.టి.ఒ. షాఫ్టు. తరువాత టేపుతో కొలత. కాగితములు. అన్నిటికంటె చివర రంగు, బొమ్మ. ఈ గుర్తులలో రెండు ఒకదానితో ఒకటి పొసగనిచో ఏదో భాగము మారినదని అర్థము. ఏది మారినదో అమ్మకందారుని అడిగి, సమాధానము సరిపోయినప్పుడే బేరమునకు దిగండి.

అభ్యాసము

1. ఒక బూడిద రంగు ట్రాక్టరు పలకమీద టి.ఇ.డి.20 అని ఉన్నది. దానిలో డీజిలు పోయవచ్చునా?
2. ఎర్ర ట్రాక్టరు పలకమీద ఎస్.డి.ఎమ్. అని ఉన్నది, ఇంజెక్టరు గొట్టములు మూడు. ఏమి జరిగియుండును? దానికి రెండంచెల క్లచ్చి ఉండవలెనా?
3. లిఫ్టు లేవని 20 ట్రాక్టరును చూచినప్పుడు మొదట ఏ లివరును పరీక్షించవలెను?

సమాధానములు: 1. పోయరాదు, అది కిరసనాయిలు జాతి ఇంధనపు ఇంజను. 2. నాలుగు సిలిండర్ల ఇంజను తీసి మూడు సిలిండర్లది అమర్చినారు. ఎమ్ ఉన్నది కాబట్టి పుట్టుకతో ఒంటి క్లచ్చియే. 3. పి.టి.ఒ. లివరును.